వకీలు బ్యాగు మీద నల్ల మచ్చలు: బూజు అనుకుని మొదలుపెట్టిన ఒక కేసు

పాత తోలు వస్తువుల మరమ్మతు, మరకలు తీయడం నా పని. హైదరాబాద్‌లో చిన్న వర్క్‌షాప్ ఉంది. వచ్చే పనుల్లో ఎక్కువ భాగం సోఫా మీద పెన్ను గీతలు, హ్యాండ్‌బ్యాగు మీద కూర మరకలు, వానకు నానిన బూట్లు. వాటి గురించి రాసేంత ఏమీ ఉండదు. ఈ కేసు రాయడానికి కారణం వేరు. ఇందులో మొదటి రెండు రోజులు నేను లేని జబ్బుకు మందు వేశాను. అసలు జబ్బేమిటో చెప్పే ఆధారాలన్నీ మొదటి రోజే నా బల్ల మీద ఉన్నాయి, నేనే చదవలేదు. ఇంటివాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. వాళ్లెవరో తెలియకుండా కొన్ని వివరాలు వదిలేశాను.

నేపథ్యం

బ్యాగు ఒక వకీలుది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. 1960ల్లో సిటీలోనే కుట్టించుకున్నదని ఇంట్లో చెప్పుకుంటారు. కంపెనీ ముద్ర ఏమీ లేదు. మైనం పట్టించిన దారంతో చేత్తో వేసిన కుట్టు. సుమారు 16 అంగుళాల వెడల్పు, ముందుకు మడిచి తాళం వేసే మూత, లోపల మూడు అరలు. ఆయన పోయాక దాన్ని ఇనుప ట్రంకుపెట్టెలో పెట్టి అటక ఎక్కించారు. ఇరవై ఏళ్లకు పైగా ఎవరూ దించలేదు. కిందటి వానాకాలంలో స్లాబు ఉరిసి, ట్రంకు మీద నీళ్లు కారాయి. దసరాకు ఇల్లు దులుపుతుంటే సంగతి బయటపడింది.

తోలు గురించి ఒక మాట ముందే చెప్పాలి, తర్వాతదంతా దాని మీదే నడుస్తుంది. కోసిన అంచు చూస్తే లోపలి దాకా ఒకే గోధుమ రంగు. క్రోమ్ టానింగ్ (క్రోమియం లవణాలతో పచ్చి చర్మాన్ని తోలుగా మార్చడం) చేసిన తోలైతే సాధారణంగా అంచు లోపల నీలం బూడిద ఛాయ కనిపిస్తుంది. ఒక చుక్క డిస్టిల్డ్ వాటర్ వేస్తే వెంటనే పీల్చుకుని ముదురు రంగుకు తిరిగింది. అంటే ఇది చెట్ల బెరళ్లతో, కాయలతో ఊనిన వెజిటబుల్ టాన్ తోలు, పైన ప్లాస్టిక్ లాంటి పూత ఏదీ లేదు. మన వైపు ఈ పనికి తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వాడేవాళ్లు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు ఉందే, ఆ చెట్టు బెరడే. కరక్కాయ కొరికితే నాలుక పిడచకట్టుకుపోయే వగరు తెలుస్తుంది కదా, అదే టానిన్. పచ్చి చర్మాన్ని కుళ్లకుండా తోలుగా నిలబెట్టేది అదే. అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ వగరు తోలులోనే ఉంటుంది.

మా దగ్గరికి వచ్చినప్పుడు

డిసెంబరు మొదటి వారంలో తల్లీ కొడుకూ తెచ్చారు. పాత దుప్పట్లో చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని తెచ్చారు. "అన్నా, వచ్చే నెలాఖరుకు మావాడు బార్ కౌన్సిల్‌ల ఎన్‌రోల్ అయితుండు. తాత బ్యాగు పట్టుకుని పోవాలని వాని కోరిక. మంచిగైతదా?" అని ఆవిడ అడిగారు. చూడకుండా చెప్పలేనమ్మా అన్నాను.

బల్ల మీద పెట్టి చూస్తే ఒకటి కాదు, ఆరు రకాల మరకలు. మూత మీద రూపాయి బిళ్లంత నల్ల మచ్చలు, కొన్ని ఇంకా పెద్దవి, తాళం చుట్టూ దట్టంగా. పక్క మడతల్లో, మూత పైభాగంలో తెల్లటి పొడి. ఇత్తడి బకిళ్ల చుట్టూ పచ్చటి చిలుము. లోపల అడుగున ఫౌంటెన్ పెన్ను సిరా ఒలికిన నీలం మరక. వెనక వైపు కొబ్బరినూనె వలయం, అరచెయ్యంత. ఆ పక్కనే బిరుసెక్కి నల్లబడ్డ ఒక పట్టీ.

చివరి రెండూ ఈమధ్య చేసినవే. ఇంట్లో ఎవరో ఫోన్‌లో వీడియో చూసి వంటసోడా ముద్ద రాశారు. అక్కడ తోలు నల్లబడేసరికి భయపడి, మెత్తబడుతుందని కొబ్బరినూనె రాశారు. మూత మీది మచ్చల్లో రెండింటికి నిమ్మచెక్క కూడా రుద్దారు. ఆవిడ ఇదంతా తప్పు ఒప్పుకుంటున్నట్టు తలొంచుకుని చెప్పారు. చెప్పడమే నాకు మేలమ్మా అన్నాను. ఆ నిమ్మచెక్క సంగతి నిజంగానే ఎంత మేలు చేయగలదో ఆ రోజు నాకు తట్టలేదు.

మొదటి రెండు రోజులు

వాన, అటక, ముక్క వాసన, నల్ల మచ్చలు. అన్నీ కలిపితే బూజు అనిపించడం సహజం. తెల్ల పొడి సంగతి మాత్రం పరీక్ష చేసి తేల్చుకున్నాను. తోలు మీద తెల్లగా కనిపించేదంతా బూజు కాదు. ఏళ్ల తరబడి పట్టించిన నూనెల్లోని కొవ్వు బయటికి వచ్చి పైన పొడిలా పేరుకుంటుంది. తేడా తెలుసుకోవడం తేలిక. హెయిర్ డ్రయ్యర్‌తో దూరం నుంచి కాస్త వెచ్చగా గాలి కొడితే కొవ్వు కరిగి మాయమవుతుంది, బూజు అలాగే ఉంటుంది. మూత మీది పొడి కరిగింది. పక్క మడతల్లోది కరగలేదు.

కాబట్టి మడతల్లో బూజు ఉన్నమాట నిజం. మాస్కు వేసుకుని, మెత్తటి బ్రష్‌తో దులుపుతూ, ఆ దుమ్మును వ్యాక్యూమ్ గొట్టంతో అక్కడికక్కడే లాగేశాను. బట్టతో తుడిస్తే బూజు గింజలు రంధ్రాల్లోకి ఎక్కుతాయి, అందుకే బ్రష్. తర్వాత బ్యాగును తేమ పీల్చే సిలికా జెల్‌తో మూత ఉన్న పెట్టెలో పెట్టాను. లోపల తేమ 50% దగ్గర నిలబడింది. గాల్లో తేమ 65% దాటితేనే బూజుకు ప్రాణం వస్తుంది.

నల్ల మచ్చల మీద కూడా ఇదే ధోరణిలో వెళ్లాను. 70% ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదిపుల్లకు అద్ది, కనపడని మూల మొదట చూసి, తర్వాత ఒక మచ్చ మీద తిప్పాను. దూదికి అంటింది గోధుమ రంగు, అంటే తోలు రంగే వస్తోంది. నల్లది చెక్కుచెదరలేదు. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. పాత బూజు మరక మొండిగా ఉంటుందని సర్దిచెప్పుకుని మరుసటి రోజు మళ్లీ ప్రయత్నించాను. ఆ చోట తోలు ఛాయ తగ్గింది, మచ్చ తగ్గలేదు.

మచ్చ ఎక్కడిది

మూడో రోజు పొద్దున భూతద్దం తీశాను. బూజైతే తోలు గరుకు మీద దారపు పోగుల్లా, తెట్టెలా ఏదో ఒకటి కనిపించాలి. ఇక్కడ పైన ఏమీ లేదు. రంధ్రాలు శుభ్రంగా ఉన్నాయి. నలుపు తోలు లోపల ఉంది. మచ్చ నడిమధ్య నీలం కలిసిన నలుపు, అంచుల వైపు బూడిద రంగు. నిమ్మచెక్క రుద్దిన రెండు మచ్చలు మిగతావాటి కంటే లేతగా, చుట్టూ ముదురు గీతతో ఉన్నాయి. బూజు మరకను నిమ్మరసం ఇలా లేత చేయదు. ఇనుము మరకను చేస్తుంది.

తాళానికి అయస్కాంతం పెట్టాను. టక్కున అంటుకుంది. పైన ఇత్తడి పూతే, లోపల ఇనుము.

తాళం చుట్టూ నలుపు ఎందుకో తెలిసింది, కానీ మూత మీది మచ్చలు తాళానికి దూరంగా, పైగా వరసగా ఉన్నాయి. టేపు పెట్టి కొలిచాను. నాలుగు మచ్చలు, ప్రతి రెండింటికీ మధ్య ఇంచుమించు 3 అంగుళాలు. నీళ్లు తమంత తామే అంత కొలతగా పడవు. ఆవిడకు ఫోన్ చేసి, ట్రంకు మూత లోపలి వైపు ఫొటో తీసి పంపమన్నాను. ఫొటోలో ఒక వరస రివెట్లు, ఒక్కో రివెట్టు కింద తుప్పు చార. "రివెట్టుకూ రివెట్టుకూ మధ్య ఎంతుందో కొలిచి చెప్పండమ్మా" అన్నాను. టైలరింగ్ టేపుతో కొలిచి 3 అంగుళాలన్నారు. ఆ రివెట్ల సందుల్లోంచి తుప్పు నీళ్లు కింద పడుకోబెట్టిన బ్యాగు మీద చుక్క చుక్కగా పడ్డాయి.

అక్కడి నుంచి అంతా పాత విద్యే. కరక్కాయ నీళ్లలో అన్నభేది వేస్తే నల్ల సిరా అవుతుంది. అన్నభేది ఇనుప లవణమే. శ్రీకాళహస్తిలో కలంకారీ వాళ్లు బట్టను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెట్టి, తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో నానబెట్టిన ద్రవంతో గీత గీస్తారు. కలం తగిలిన చోట నల్లగా తేలుతుంది. మన బ్యాగు మీద జరిగింది అదే. వగరు తోలులో ఉంది, ఇనుము ట్రంకు మూత ఇచ్చింది, తడి వాన ఇచ్చింది. నమ్మకం కోసం పాత తోలు ముక్క ఒకటి తీసి, వెనిగర్‌లో ముంచిన స్టీల్ ఊలు పోగు పెట్టాను. పోగు తీసేసరికి కింద అదే నీలం నలుపు.

ఇది తెలిశాక పనే మారిపోయింది. ఈ మచ్చ తోలు మీద కూర్చున్న మురికి కాదు. తోలును తోలుగా నిలబెట్టే టానినే ఇనుముతో కలిసి మరో పదార్థమైంది. దాన్ని మొత్తం లాగేస్తే ఆ చోట తోలులో బలం కూడా లాగేసినట్టే. అలాగని వదిలేయడమూ ప్రమాదమే. లోపల మిగిలిన ఇనుము తోలు త్వరగా శిథిలం కావడానికి తోడ్పడుతుంది, ఏళ్లు గడిస్తే మచ్చ ఉన్న చోటే పగులుతుంది. ఇనుము పోవాలి, వీలైనంత టానిన్ మిగలాలి. నా లక్ష్యం ఇలా మారింది.

ఏది పనిచేయలేదు

నేరుగా బ్యాగు మీద ఏదీ చేయలేదు. జుమేరాత్ బజార్‌లో పాత తోలు బెల్టులు, తెగిపోయిన బ్యాగుల ముక్కలు కొని పెట్టుకోవడం నాకు అలవాటు. వాటి మీద తుప్పు నీళ్లతో కావాలని మచ్చలు చేసి, వారం ఆరనిచ్చి, ఒక్కో మందు చూశాను.

సిట్రిక్ యాసిడ్ లేత మచ్చను కాస్త తగ్గించింది, ముదురు మచ్చ దగ్గర ఓడిపోయింది. రసం పీల్చుకున్న మేర కొత్త నీటి గీత మిగిలింది, ఇంట్లో నిమ్మచెక్క చేసినట్టే.

ఆగ్జాలిక్ యాసిడ్ మార్బుల్ పాలిష్ చేసేవాళ్లు వాడేదే, కెమికల్ షాపుల్లో దొరుకుతుంది. ఇనుము మరక మీద ఇది చాలా చురుగ్గా పనిచేస్తుంది. 5% ద్రావణం పెడితే మచ్చ కళ్లముందే కరిగింది. ఆరాక చూస్తే అక్కడ తోలు పాలిపోయి, గోటితో నొక్కితే ఎండుటాకులా అనిపించింది. 2% పెడితే మధ్యలో నలుపు పోయింది, రాత్రి ఆరేసరికి అంచున నల్ల వలయం తేలింది. కరిగిన ఇనుము తడితో పాటు జరుగుతుంది, ఆరే చోట ఆగుతుంది. కాబట్టి ఇనుమును కరిగిస్తే సరిపోదు, అది వెళ్లడానికి తోలు బయట ఒక చోటు చూపించాలి. ఈ ప్రయోగాల్లో ఒక ముక్క మీద పొరపాటున బోరు నీళ్లతో కడిగాను. తెల్లటి పొర తేలింది. మన బోరు నీళ్లలోని కాల్షియం ఆగ్జాలిక్ యాసిడ్‌తో కలిసి కరగని పొడి అయింది. అప్పటి నుంచి డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ బల్ల దగ్గరికి రానీయలేదు.

ఒక హెచ్చరిక. ఆగ్జాలిక్ యాసిడ్ విషం, కిడ్నీలను దెబ్బతీస్తుంది. గ్లవ్స్, కళ్లద్దాలు, గాలి ఆడే గది ఉండాలి. వంటింట్లో, పిల్లలున్న చోట వద్దు. ఈ రాత చదివి ఇంట్లో ప్రయత్నించవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

లోపలి సిరా మరక దగ్గర కూడా ఓడిపోయాను. బ్యాగు లోపలి వైపు తోలుకు నునుపు ఉండదు, అదంతా పోగులే. సిరా పోగు పోగులోకి ఇంకిపోయింది. తడి దూది పెడితే నీలం కొంచెం వచ్చింది, దాంతోపాటు మరక అంగుళం మేర పాకింది. వెంటనే ఆపేశాను. అది తోలుకు ఏ హానీ చేయడం లేదు, బయటికి కనిపించదు కూడా. తల్లికి ఫోన్ చేసి చెబితే, "అది నాన్న చేతి సిరానే కదా, ఉండనీ అన్నా" అన్నారు. మంచి నిర్ణయం.

నల్ల రంగు వేసేద్దామా

డిసెంబరు మూడో వారంలో అబ్బాయి ఒక్కడే వచ్చాడు. గడువు దగ్గర పడుతోందని టెన్షన్ పడుతున్నాడు. "అంకుల్, ఎట్లాగూ నల్ల కోటు. బ్యాగుకు కూడా మొత్తం బ్లాక్ కొట్టేస్తే అయిపోతది కదా?" అన్నాడు.

ఈ ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. చాలా షాపుల్లో చేసేది అదే, రెండు రోజుల్లో బ్యాగు తళతళలాడుతుంది. నేను ఆలోచించింది మూడు సంగతులు. రంగు పొర కింద ఇనుము అలాగే ఉంటుంది, తేమ తగిలినప్పుడల్లా పని చేసుకుపోతుంది. ఒకసారి వేసిన పిగ్మెంట్ పూతను ఇలాంటి పీల్చే తోలు నుంచి తర్వాత ఎవరూ శుభ్రంగా తీయలేరు. అన్నిటికంటే ముఖ్యం, మూత మడత. అక్కడ తెల్ల బట్టతో మెల్లగా రుద్దితే ఎర్రటి పొడి అంటింది. దీన్ని రెడ్ రాట్ అంటారు. గాలిలోని గంధకపు పొగలు ఏళ్ల తరబడి పీల్చి తోలు ఆమ్లమయమై పొడిగా రాలడం. పీహెచ్ పేపరు (ఆమ్లం ఎంతుందో చూపేది, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) తడిపి పెడితే మడత దగ్గర 3కు దగ్గరగా, మిగతా చోట 4 దగ్గర చూపించింది. పొడి రాలే తోలు మీద రంగు నిలవదు, పది సార్లు మూత తెరిస్తే పెచ్చులూడుతుంది.

అబ్బాయికి ఆ తెల్ల బట్ట చూపించాను. దాని మీది ఎర్ర పొడి వేలితో ముట్టుకుని చూశాడు. "మీ తాత బ్యాగు ఇట్లా రాలుతున్నది బాబూ. దీని మీద రంగేస్తే ఎన్‌రోల్‌మెంట్ రోజుకు బాగుంటుంది, హోలీ దాకా ఉంటుందో లేదో నేను చెప్పలేను. మచ్చలు పూర్తిగా పోవు, కొంచెం నీడలా మిగులుతాయి. ఏది కావాలో ఇంట్లో మాట్లాడి చెప్పు" అన్నాను. రాత్రి మెసేజ్ పెట్టాడు, నీడ ఉన్నా పర్వాలేదని.

ఏది పనిచేసింది

ముందు తేలికైనవి. వంటసోడా పట్టీని 1% సిట్రిక్ యాసిడ్ అద్దిన దూదితో మూడుసార్లు తాకిస్తే గోధుమ రంగు చాలావరకు తిరిగొచ్చింది. క్షారం తగిలితే ఈ తోలు నల్లబడుతుంది, పలుచటి ఆమ్లం దాన్ని వెనక్కి తెస్తుంది. బిరుసు మాత్రం కొంత మిగిలిపోయింది. చిలుమును వెదురు పుల్లతో గీరాను, మైనంలా ఊడి వచ్చింది.

కొబ్బరినూనె దగ్గర చలికాలం అడ్డుపడింది. ముల్తానీ మట్టి పొడి దట్టంగా పోసి రెండు రోజులు ఉంచినా వలయం తగ్గలేదు. కొబ్బరినూనె 24 డిగ్రీలకు దిగితే గడ్డకడుతుంది, ఇంట్లో సీసా చూస్తే తెలుస్తుంది. డిసెంబరు రాత్రుల్లో తోలు లోపల కూడా గడ్డకట్టే ఉంది, గడ్డకట్టిన నూనెను మట్టి ఎలా పీలుస్తుంది? గదిని హీటర్‌తో 30 డిగ్రీల దగ్గర ఉంచి, పొడి మార్చుకుంటూ నాలుగు రోజులు పెట్టాను. అంతకు మించి వేడి చేయలేదు. పాడైన పాత తోలు, అందులోనూ తడిగా ఉంటే, మనం ఊహించనంత తక్కువ వేడికే ముడుచుకుపోతుంది, మళ్లీ విచ్చుకోదు. వలయం గీత చెరిగిపోయింది, మధ్యలో కొద్దిగా ముదురు ఛాయ ఉంది.

ఇక నల్ల మచ్చలు. మొదట ఇనుము వచ్చే దారి మూయాలి. తాళం నాలుగు స్క్రూలతో ఉంది, విప్పాను. వెనక తుప్పు రాలగొట్టి, లక్క లాంటి పారదర్శక పూత వేసి, తిరిగి బిగించేటప్పుడు తోలుకూ దానికీ మధ్య పలుచటి పాలియెస్టర్ ఫిల్ము పెట్టాను. పిడి రెండు వైపులా ఉన్న రివెట్లు కూడా అయస్కాంతానికి అంటుకున్నాయి. వాటిని తీయాలంటే తొలవాలి, చుట్టూ ఉన్న తోలు అరవై ఏళ్లది, పిడి బరువంతా మోసేది అదే. అక్కడ అప్పటికి మచ్చ లేదు. కాబట్టి తీయలేదు, పైన మైనం పట్టించి వదిలేశాను.

తర్వాత మూత మడతకు హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించి రెండు పూతలు. ఇది రాలే పోగులను పట్టి ఉంచుతుంది. నీళ్లు లేకుండా వేయొచ్చు, అందుకే ఇది. రెడ్ రాట్ పట్టిన తోలుకు నీళ్లు తగిలితే నల్లబడి రాయిలా గట్టిపడుతుంది.

అక్కడే ఒక చిక్కు వచ్చింది. నాకు పని నేర్పిన ఉస్తాద్ మాట ఒకటుంది. తోలుకు తడి పెడితే కుట్టు నుంచి కుట్టు దాకా పెట్టు, మధ్యలో ఆపితే గీత పడుతుందని. ఇరవై ఏళ్లుగా ఆ మాట నన్ను కాపాడింది. కానీ ఈ మూతలో కుట్టు నుంచి కుట్టు దాకా అంటే మడత కూడా తడవాలి, మడత తడిస్తే పోతుంది. బెల్టు ముక్కల మీద రెండు రోజులు తంటాలు పడ్డాను. చివరికి ఇలా కుదిరింది. మూత కింది భాగం మొత్తం డిస్టిల్డ్ వాటర్ స్పాంజితో సమంగా తడిపాను. మడతకు రెండు అంగుళాల ముందు నుంచి ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపినది అద్దుతూ, మడత దగ్గరికి వచ్చేసరికి ఒట్టి ఆల్కహాల్‌కు మారాను. అది త్వరగా ఆరిపోతుంది కాబట్టి తడి ఎక్కడ ఆగిందో తోలుకు తెలియలేదు. గీత పడలేదు.

మచ్చల మీద 1% ఆగ్జాలిక్ యాసిడ్‌ను మిథైల్ సెల్యులోజ్ జెల్‌లో కలిపి పెట్టాను. నీళ్లలా పాకదు, పెట్టిన చోటే ఉంటుంది. మూడు నిమిషాలు, టైమర్ పెట్టుకుని. ప్లాస్టిక్ గరిటెతో ఎత్తేసి, తడి దూదితో తీసి, వెంటనే డైసోడియం ఈడీటీఏ 2% ద్రావణంలో నానబెట్టిన కాగితపు గుజ్జు ఆ భాగమంతా పరిచాను. కరిగిన ఇనుమును పట్టుకుని ఉంచేది ఈడీటీఏ. దాని ద్రావణం కొద్దిగా ఆమ్లంగానే ఉంటుంది కాబట్టి ఈ తోలుకు పడుతుంది. మొదట నలభై నిమిషాలు పైన ప్లాస్టిక్ కప్పాను. తర్వాత కప్పు తీసి రాత్రంతా ఆరనిచ్చాను. ఆరడం గుజ్జు పైన జరుగుతుంది కాబట్టి తడి తోలులోంచి గుజ్జులోకి ఎక్కుతుంది, ఇనుమును వెంట తీసుకెళ్తుంది. అంచు వలయం రాకపోవడానికి కారణం ఇదే.

పొద్దున గుజ్జు పెళుసుగా ఎండి ఉంది. అంచు పట్టి లేపితే అప్పడంలా ఒక్క ముక్కగా వచ్చింది. కింది వైపు తిప్పి చూశాను. నాలుగు పసుపు గోధుమ రంగు గుండ్రాలు, ఒకదానికొకటి 3 అంగుళాల దూరంలో. ట్రంకు మూత రివెట్లు కాగితం మీద అచ్చు పడినట్టు ఉంది. ఆ కాగితం ఇంకా నా దగ్గర ఉంది.

రెండో విడతకు గుండ్రాలు లేత పసుపు. మూడో విడతకు దాదాపు తెల్ల కాగితం. అక్కడ ఆపేశాను. తోలు మీద ఇంకా బూడిద ఛాయ ఉంది, ఇంకో విడత పెట్టాలని చెయ్యి లాగింది. కానీ గుజ్జులోకి ఇనుము రావడం లేదంటే ఇక పెట్టే ప్రతి నిమిషమూ టానిన్ మీదే పడుతుంది. పాలిపోయిన ఆ 5% బెల్టు ముక్కను బల్ల మీదే పెట్టుకున్నాను, నాకు నేను గుర్తు చేసుకోవడానికి.

డిస్టిల్డ్ వాటర్‌తో పలుమార్లు అద్ది రసాయనం తీసేశాను. బ్లాటింగ్ పేపర్ల మధ్య చిన్న బరువు పెట్టి, పేపర్లు మారుస్తూ నాలుగు రోజులు నీడలో ఆరబెట్టాను. ఛాయ తేడా ఉన్న చోట మాత్రం పలుచటి రంగును సన్న కుంచెతో పొర పొరగా వేశాను, చుట్టూ ఉన్న రంగు కంటే ఒక పిసరు లేతగానే ఆపాను. నూనె పెట్టలేదు, ఇప్పటికే ఉన్న కొవ్వే బయటికి వస్తోంది. పైన మైక్రోక్రిస్టలిన్ మైనం ఒక్క పూత. దగ్గరికి తెచ్చి చూస్తే మచ్చల నీడ కనిపిస్తుంది. కోర్టు వరండాలో చేతిలో ఉంటే కనిపించదు. జనవరి మూడో వారంలో తీసుకెళ్లారు.

ఆ తర్వాత మార్చుకున్నవి

ఇప్పుడు ఏ తోలు వస్తువు వచ్చినా ముందు ప్రతి లోహపు ముక్కకూ అయస్కాంతం పెడతాను. ఆ వస్తువు ఎక్కడ, ఏ పెట్టెలో, ఏ వైపు పడుకుని ఉందో అడిగి, ఆ చోటి ఫొటో తెప్పించుకుంటాను. ఇంట్లో చేసిన ప్రయోగాలను ఇంతకుముందు నష్టంగా మాత్రమే చూసేవాణ్ని. ఇప్పుడు అవి నాకు ముందే వచ్చిన పరీక్ష ఫలితాలు. నిమ్మకు ఏమైంది, సోడాకు ఏమైంది, నూనెకు ఏమైందని అడిగి రాసుకుంటాను. అడిగే తీరు ముఖ్యం, కోప్పడితే జనం దాచేస్తారు. ఒక మందు మొదటిసారి పనిచేయకపోతే రెండోసారి అదే పెట్టే ముందు భూతద్దం తీయడం నియమం చేసుకున్నాను. ఆల్కహాల్‌తో నేను పోగొట్టిన ఛాయ ఆ బ్యాగు మీద ఇప్పటికీ ఉంది, రంగుతో సరిచేశాను కానీ అది నా చేతి మరకే.

ఆగస్టు

వానలు మొదలయ్యాక ఒకసారి చూపించమని ముందే చెప్పాను. ఆగస్టు రెండో వారంలో అబ్బాయి తెచ్చాడు. రోజూ కోర్టుకు పట్టుకెళ్తున్నాడు, పిడి కొత్తగా నునుపు తేలింది. మూత మడతలో తెల్ల బట్ట రుద్దితే పొడి రాలేదు. నాలుగు మచ్చల చోట ఏ మార్పూ లేదు, తాళం చుట్టూ శుభ్రంగా ఉంది.

ఎడమ వైపు పిడి రివెట్టు చుట్టూ మాత్రం పెసరగింజంత మందాన నల్ల గీత. తీయకుండా వదిలేసిన రివెట్టే. వాన నీళ్లు, చేతి చెమట మైనం పూతను దాటి లోపలికి చేరాయి. భూతద్దం ఇచ్చి అబ్బాయికి చూపించాను. అడిగి అడిగి తెలుసుకున్నాడు, బార్‌లో ప్రశ్నలు అడగడం బాగానే నేర్చుకుంటున్నాడనిపించింది. తొలిచి తీస్తే పిడి కుట్టు దగ్గర తోలు చీలే అవకాశం ఎంత, తీయకపోతే గీత ఎంత పెరుగుతుంది అని. తేమ ఉన్న కాలంలో అక్కడ చెయ్యి పెట్టనని చెప్పాను. గీత అంచును పెన్సిల్‌తో కాగితం మీద గుర్తించి, తేదీ వేసి, కొలత రాసుకున్నాను. రివెట్టు మీద మళ్లీ మైనం పట్టించి, వానలో బ్యాగుకు కవరు తొడగమన్నాను. దసరా సెలవుల్లో తెస్తానన్నాడు. అప్పటికి గీత ఈ కొలత దాటితే రివెట్టు తీస్తాను, ఇత్తడిది కొత్తది ఇప్పటికే కొని పెట్టాను.